పెట్ట అనుకొన్నది పుంజైన వేళ: పెరటి కోళ్లలో లింగ నిర్ధారణ, విస్తరణకు కొన్ని పాఠాలు

పరిచయం

హైదరాబాదు శ్రీనగర్ కాలనీలో మేము నివసించే వీధిలో ఒక ఇంటి మేడపై గత సంవత్సరం ఒక కోడిపిల్ల పెరిగింది. ఆ ఇంటి ఎనిమిదేళ్ల మనుమరాలు యూసుఫ్‌గూడ వైపు వెళ్లే దారిలో గంపలో పెట్టి అమ్ముతున్న గులాబీరంగు పిల్లను చూసి, పట్టుబట్టి కొనిపించుకొన్నది. దానికి బంగారి అని పేరు పెట్టారు. పది రోజులు గడిచాక ఆ ఇంటి పెద్దావిడ నన్ను పిలిచి, "సార్, మీరు వ్యవసాయ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతారు గదా, ఇది పెట్టో పుంజో కాస్త చూసి చెప్పండి" అని అడిగారు.

నా శాస్త్రం సస్యశాస్త్రం. కోళ్ల విషయం పశువైద్య శాస్త్రజ్ఞులది. ఆ ఒక్క మాట చెప్పి ఊరుకొని ఉంటే ఈ వ్యాసానికి అవసరం ఉండేది కాదు. నేను పిల్లను చేతిలోకి తీసుకొని, రెక్క విప్పి, ఈకలు త్వరగా వచ్చిన సంగతి గమనించి, విద్యార్థి దశలో విన్న సూత్రం ఒకటి గుర్తుకు రాగా, "సందేహం లేదమ్మా, పెట్టే" అన్నాను. ఆ పాప గూటిలో గడ్డి పరచి, గుడ్డు కోసం గిన్నె కూడా సిద్ధం చేసుకొన్నది.

ఆరవ వారానికి పిల్ల తురాయి ఎర్రబడి నిలబడింది. సార్ చెప్పారు గదా అని ఎవరూ అనుమానించలేదు. పదకొండవ వారంలో ఒకనాడు, ఇంకా చీకటి ఉండగానే, మేడపై నుంచి బొంగురు కూత ఒకటి వినబడింది. నాలుగు రోజుల్లో ఆ కూత తీరైన కొక్కొరొకోగా మారింది. రెండిళ్ల అవతల చలనచిత్రాలకు గాత్రం నమోదు చేసే చిన్న గది ఒకటి ఉన్నది. రాత్రి పొద్దుపోయాక, తెల్లవారుజామున పని చేసుకొనే ఆ గదివారు మొదట నవ్వారు, తరువాత అభ్యంతరం చెప్పారు. ఆదివారం నాటికి కూర చేయడమే పరిష్కారమని ఇంట్లో పెద్దలు నిశ్చయించారు. పాప అన్నం మానేసింది. "అంకుల్, మీరే కదా పెట్ట అన్నారు?" అని ఆ పిల్ల అడిగిన ప్రశ్నకు నా వద్ద వెంటనే జవాబు లేకపోయింది. ఆ జవాబును శాస్త్రబద్ధంగా వెదికే ప్రయత్నమే ఈ వ్యాసం.

లింగం ఎక్కడ నిర్ణయమవుతుంది?

కోడిలో 39 జతలు, అనగా 78 క్రోమోజోములు ఉంటాయి. వీటిలో ఒక జత లింగ క్రోమోజోములు. క్షీరదాల్లో పురుషజీవికి రెండు భిన్నమైన లింగ క్రోమోజోములు ఉండగా, పక్షుల్లో ఈ భేదం ఆడజీవిలో కనబడుతుంది. పుంజుకు రెండు జెడ్ క్రోమోజోములు, పెట్టకు ఒక జెడ్, ఒక డబ్ల్యూ ఉంటాయి. కనుక పిల్ల పెట్ట అవుతుందా, పుంజు అవుతుందా అనేది తల్లి అండంలోకి ఏ క్రోమోజోము చేరిందన్న దానిపై ఆధారపడుతుంది. పుంజు ఇచ్చేది ఎప్పుడూ జెడ్ మాత్రమే.

జెడ్ క్రోమోజోముపై ఉన్న డీఎంఆర్‌టీ1 అనే జన్యువు రెండు మోతాదుల్లో ఉన్నప్పుడు పిండంలో వృషణాలు ఏర్పడతాయని 2009లో ప్రచురితమైన పరిశోధన చూపింది. మరుసటి సంవత్సరం, ఎడింబరో సమీపంలోని రోస్లిన్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రజ్ఞులు శరీరంలో ఒక పక్క పుంజు లక్షణాలు, మరొక పక్క పెట్ట లక్షణాలు గల అరుదైన కోళ్లను పరిశీలించి, కోడి శరీర కణాలకు వాటి సొంత లింగ గుర్తింపు కొంతవరకు ఉంటుందని నిరూపించారు. ఒకే రక్తం, ఒకే హార్మోనులు ప్రవహిస్తున్నా రెండు పక్కలా రెండు రూపాలు రావడానికి ఇదే కారణం.

అంటే గుడ్డు పెట్టిననాటికే పిల్ల లింగం నిర్ణయమై ఉంటుంది. మనకు తెలియడమే ఆలస్యం. ఆ ఆలస్యంలోనే రైతుకు నష్టం, శాస్త్రజ్ఞునికి తొందరపాటు చోటుచేసుకొంటాయి.

తురాయి ఒక దారి, ఈక మరొక దారి

పుంజు రూపం మొత్తం ఒకే కారణంతో వస్తుందని విద్యార్థులు తరచుగా భావిస్తారు. అది సరికాదు. 1849లో జర్మనీలోని గోటింగెన్‌లో బెర్తోల్డ్ ఆరు పుంజుపిల్లలపై ఒక ప్రయోగం చేశారు. వృషణాలు తీసివేసిన పిల్లల్లో తురాయి ఎదగలేదు, కూత రాలేదు, పోట్లాడే స్వభావం కనబడలేదు. వృషణాన్ని తిరిగి ఉదరంలో అమర్చిన పిల్లలు మాత్రం మామూలు పుంజుల వలెనే పెరిగాయి. అంతఃస్రావ శాస్త్రానికి పునాది అనదగిన ఈ ప్రయోగం తురాయి, కూత, కయ్యం అనే మూడూ వృషణ స్రావం వల్ల కలిగేవని చెప్పింది.

ఈకల విషయం వేరు. వృషణాలు తీసిన పుంజుకు పుంజు ఈకలే వస్తాయి. అండాశయం తీసిన పెట్టకు కూడా, తరువాత ఈకలు రాల్చినప్పుడు, పుంజు ఈకలే వస్తాయి. అనగా వాడి మొన గల మెరిసే ఈక కోడికి సహజరూపం. దానిని గుండ్రని, నిరాడంబరమైన ఈకగా మార్చేది అండాశయం నుంచి వచ్చే ఈస్ట్రోజెన్. సెబ్రైట్ అనే చిన్న జాతిలో పుంజు చర్మంలోనే ఈస్ట్రోజెన్ అధికంగా తయారవుతుంది; అందుచేత ఆ పుంజుకు పెట్ట ఈకలే ఉంటాయి. మన పందెపు కోళ్ల పేర్లలో పెట్టమారు అనే మాట వినబడుతుంది. పెట్ట వంటి ఈకకట్టు గల పుంజు ఉంటుందన్న సంగతి మన పల్లెలకు పాఠ్యపుస్తకాలకన్న ముందే తెలుసు.

ఈ రెండు దారులను విడివిడిగా అర్థం చేసుకొంటే, ఏ గుర్తును ఎంతవరకు నమ్మవచ్చో తేలికగా తెలుస్తుంది.

వయస్సును బట్టి గుర్తులు

1. మొదటి వారం: మామూలు జాతుల్లో బయటి రూపాన్ని బట్టి చెప్పడం సాధ్యం కాదు. గుడ్డు ఆకారం, పిల్లను కాళ్లు పట్టి తలక్రిందులుగా వేలాడదీసినప్పటి కదలిక, దారానికి కట్టిన ఉంగరం ఊగే తీరు వంటివాటికి ఆధారం లేదు.

2. నాలుగు నుంచి ఎనిమిది వారాలు: తెల్ల లెగ్‌హార్న్ వంటి పెద్ద తురాయి గల జాతుల్లో పుంజుపిల్ల తురాయి ముందుగా పెరిగి ఎర్రబడుతుంది. ఈడు పెట్టపిల్ల తురాయి చిన్నదిగా, పాలిపోయిన పసుపురంగులో ఉంటుంది. ఒంటరి పిల్లను చూసి నిర్ణయించడం కష్టం. ఒకే వయస్సు గల పిల్లలను పక్కపక్కన ఉంచి పోల్చాలి.

3. పది నుంచి పదహారు వారాలు: మెడపైన, నడుముకు ఇరువైపులా వచ్చే ఈకల కొనలను చూడాలి. పుంజులో అవి సన్నగా, మొనదేలి, మెరుస్తూ వేలాడతాయి. పెట్టలో కొన గుండ్రంగా ఉంటుంది. మామూలు జాతుల్లో బయటి గుర్తులన్నిటిలోకి ఇది నమ్మదగినది. తోకలో కొడవలి వంటి ఈకలు ఆ తరువాత వస్తాయి.

4. కూత: కొన్ని పుంజులు రెండు నెలలకే ప్రయత్నిస్తాయి, కొన్ని నాలుగైదు నెలల వరకు నోరు విప్పవు. కూయలేదు కనుక పెట్ట అని తీర్మానించరాదు.

5. కాలి ముల్లు: దీనిని ప్రధాన ఆధారంగా తీసుకోరాదు. వయస్సు మళ్లిన పెట్టలకు కూడా ముల్లు రావచ్చు.

జాతిని బట్టి ఈ పట్టికను సవరించుకోవాలి. మన అసీల్ కోడికి తురాయి చిన్నది, తలకు అంటుకొని ఉంటుంది; గడ్డం క్రింద వేలాడే ఎర్రని తమ్మెలు దాదాపు ఉండవు; ఎదుగుదల నిదానం. లెగ్‌హార్న్‌కు పనికివచ్చే తురాయి గుర్తును అసీల్‌కు వర్తింపజేస్తే, పుంజును పెట్ట అనే ప్రమాదం ఎక్కువ.

ఒక్కరోజు పిల్లలో: హేచరీ పద్ధతులు

వాణిజ్య హేచరీలు రూపం తేలేవరకు వేచి ఉండలేవు. గుడ్ల కోసం పెంచే జాతిలో పుంజుపిల్ల మేతకు తగిన మాంసం ఇవ్వదు కనుక, పొదిగిన రోజునే వేరు చేయడం వాటి అవసరం. దీనికి మూడు మార్గాలు ఉన్నాయి.

మొదటిది మలద్వార పరీక్ష. పిల్ల మలద్వారాన్ని మెల్లగా విప్పి, లోపల ఉండే సూక్ష్మమైన బొడిపె ఆకారాన్ని బట్టి లింగం చెబుతారు. జపాను శాస్త్రజ్ఞులు మసూయి, హషిమోతో ఈ పద్ధతిని శాస్త్రీయంగా రూపొందించి, 1927లో కెనడాలోని అటావాలో జరిగిన ప్రపంచ కోళ్ల మహాసభలో వెల్లడించారు. తర్ఫీదు పొందినవారు గంటకు సుమారు వెయ్యి పిల్లలను 98 శాతం వరకు ఖచ్చితంగా వేరు చేయగలరు. పుస్తకం చదివి నేర్చుకొనే విద్య కాదిది. అనుభవం లేనివారు ప్రయత్నిస్తే పిల్ల ప్రాణానికే ముప్పు.

రెండవది రంగు. వెండి రంగు జన్యువు, చారల జన్యువు జెడ్ క్రోమోజోముపై ఉంటాయి. బంగారు రంగు పుంజును వెండి రంగు పెట్టతో జతకట్టిస్తే, కొడుకులకు తల్లి నుంచి వెండి జన్యువు వస్తుంది. కూతుళ్లకు తండ్రి నుంచి బంగారు జన్యువు మాత్రమే వస్తుంది. పిల్లల నూగు రంగే లింగాన్ని తెలుపుతుంది. చారల పెట్టను చారలు లేని రోడ్ ఐలాండ్ రెడ్ పుంజుతో కలిపినప్పుడు పుంజుపిల్లల తలపై లేతరంగు మచ్చ కనబడుతుంది. పెట్టపిల్లలకు అది ఉండదు.

మూడవది రెక్క ఈక. ఈకలు నిదానంగా వచ్చే జన్యువు కూడా జెడ్‌పైనే ఉన్నది. త్వరగా వచ్చే లక్షణంపై అది ఆధిక్యం చూపుతుంది. త్వరగా ఈకలు వచ్చే వంశపు పుంజును, నిదానంగా వచ్చే వంశపు పెట్టతో జతకట్టిస్తే, కొడుకులందరూ నిదానం, కూతుళ్లందరూ త్వరితం. పొదిగిన ఒకటి నుంచి మూడు రోజుల్లోపు రెక్క విప్పి చూస్తే, పెట్టపిల్లలో పొడవైన ఈకలు వాటిని కప్పే పై ఈకలకన్న స్పష్టంగా ముందుకు వచ్చి ఉంటాయి. పుంజుపిల్లలో రెండూ సమానంగా ఉంటాయి, లేదా క్రింది ఈకలే పొట్టిగా ఉంటాయి.

నేను చేసిన మూడు పొరపాట్లు

పై వివరణ చదివిన విద్యార్థికి నా తప్పు ఈపాటికి తెలిసిపోయి ఉండాలి. ఆ తప్పు ఒకటి కాదు, మూడు.

మొదటిది, జన్యు నేపథ్యం. రెక్క ఈక సూత్రం ఆ ప్రత్యేక సంకరంలో మాత్రమే చెల్లుతుంది. తెల్ల లెగ్‌హార్న్ వంటి జాతుల్లో సహజంగా పుంజుకూ పెట్టకూ ఈకలు త్వరగానే వస్తాయి. బంగారి నూగుపై పూసిన గులాబీరంగు పోయాక వచ్చినవి తెల్లని ఈకలు. అది ఏ వంశపు పిల్లో అడగకుండానే సూత్రాన్ని ప్రయోగించాను.

రెండవది, వయస్సు. మూడు రోజుల్లోపు చూడవలసిన గుర్తును పది రోజులు దాటిన పిల్లలో చూశాను. విత్తిన పదవ రోజుకు చెప్పిన సిఫారసును పూత దశలో అమలు చేసే రైతును మనం మందలిస్తాము. నేను చేసినదీ అదే.

మూడవది అన్నిటికన్న ముఖ్యమైనది. అది నమూనా ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్న. ఏ ఆధారమూ లేనప్పుడు పెట్ట, పుంజు అవకాశం సగం సగం అని అనుకొంటాము. పొదిగిన పిల్లలన్నిటికీ అది నిజమే. నగర వీధుల్లో రంగు పూసి అమ్మే పిల్లలకు అది నిజం కాదు. అవి సాధారణంగా లేయర్ హేచరీలు వేరుచేసి చౌకగా వదిలించుకొన్న పుంజుపిల్లలు. వెయ్యి పిల్లల్లో ఐదువందల పుంజులు, ఐదువందల పెట్టలు ఉన్నాయనుకొందాము. వేరుచేసేవారి ఖచ్చితత్వం 98 శాతమైతే, పుంజుల పెట్టెలోకి 490 పుంజులు, పొరపాటున 10 పెట్టలు చేరతాయి. ఆ పెట్టె నుంచి వచ్చిన పిల్ల పెట్ట అయ్యే అవకాశం యాభైలో ఒకటి. పిల్లను చూడనవసరం లేదు. దానిని అమ్మిన గంపను చూస్తే చాలు. క్షేత్రప్రయోగాల్లో నమూనా సేకరణ గురించి ముప్పై ఏళ్లుగా బోధిస్తున్న నేను, ఇంటి మేడపై ఆ పాఠం మరచిపోయాను.

పుంజుపిల్లల గతి

ఇక్కడ ఒక నైతిక ప్రశ్న కూడా ఉన్నది. ప్రపంచవ్యాప్తంగా లేయర్ పరిశ్రమలో పుంజుపిల్లలను పొదిగిన రోజునే చంపివేయడం ఆనవాయితీ. జర్మనీ 2022 జనవరి 1 నుంచి దీనిని నిషేధించింది. ఫ్రాన్సు కూడా ఆ దారినే అనుసరించింది. ఆ దేశాల్లో గుడ్డులో ఉండగానే లింగాన్ని గుర్తించే పద్ధతులు వాడుకలోకి వచ్చాయి. పెంకుకు సన్నని రంధ్రం చేసి లోపలి ద్రవంలో హార్మోనును పరీక్షించడం, పెంకు గుండా కాంతిని పంపి పిండం ఈకల రంగును గుర్తించడం వాటిలో ముఖ్యమైనవి.

మన నగరాల్లో రంగు పిల్లల అమ్మకం ఆ సమస్యకే మరొక రూపం. మొదటి వారంలో పిల్లకు సుమారు 35 డిగ్రీల సెల్సియస్ వెచ్చదనం కావాలి. అట్టపెట్టెలో, పసిపిల్లల చేతుల్లో అది దొరకదు. బంగారి బ్రతికిందంటే ఆ ఇంటి పెద్దావిడ పెట్టెపై బల్బు వేలాడదీసి, రాత్రి రెండుసార్లు లేచి చూసుకోవడమే కారణం.

పెట్టే నిజంగా కూస్తే?

కూసినదల్లా పుంజేనా? అరుదుగా కాదు. పెట్టలో సాధారణంగా ఎడమ అండాశయమొక్కటే పనిచేస్తుంది. కుడివైపుది ఎదగకుండా ఉండిపోతుంది. వ్యాధి వల్ల గాని, గడ్డ వల్ల గాని ఎడమ అండాశయం దెబ్బతింటే ఈస్ట్రోజెన్ తగ్గుతుంది. కుడివైపు అవయవం కొన్ని సందర్భాల్లో వృషణం వలె పనిచేయడం ఆరంభిస్తుంది. అప్పుడు తురాయి పెరుగుతుంది, కూత వస్తుంది, ఈకలు రాల్చిన తరువాత పుంజు ఈకలు వస్తాయి. కణాల్లోని జెడ్, డబ్ల్యూ క్రోమోజోములు మాత్రం మారవు. పుంజు లేని మందలో పెత్తనం చేసే పెట్ట అప్పుడప్పుడు కూయడం కూడా కద్దు.

పెట్ట కూస్తే ఇంటికి అరిష్టమని భావించి దానిని కోసివేసే ఆచారం పల్లెల్లో కనబడుతుంది. అది అరిష్టం కాదు, అండాశయ సమస్య. వేరుచేసి చెప్పడం తేలిక: గతంలో గుడ్లు పెట్టిన కోడి కూస్తే అది పెట్టే. ఎన్నడూ గుడ్డు పెట్టని పడుచు కోడి కూస్తే అది చాలావరకు మొదటి నుంచీ పుంజే. ఖచ్చితంగా తేలాలంటే, కొత్తగా మొలుస్తున్న ఈక మొదలు నుంచి డీఎన్ఏ తీసి పీసీఆర్ పరీక్ష చేయవచ్చు. జెడ్, డబ్ల్యూ రెండింటిపై వేర్వేరు పొడవుల్లో ఉండే జన్యుభాగాన్ని పరీక్షిస్తే పుంజులో ఒక పట్టీ, పెట్టలో రెండు పట్టీలు కనబడతాయి.

కాలనీలో కూత

నా కోడీ కుంపటీ లేకపోతే ఊరికి తెల్లవారదనుకొన్న ముసలమ్మ సామెత మనకు తెలిసినదే. నగోయా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు 2013లో ప్రచురించిన పరిశోధన ప్రకారం పుంజు వెలుతురును చూసి మాత్రమే కూయదు. దాని శరీరంలోని గడియారమే దానిని తెల్లవారడానికి ముందే కూయిస్తుంది. నిరంతరం మసక వెలుతురులో ఉంచినా కొన్ని రోజులపాటు ఆ లయ కొనసాగింది. పలు పుంజులు ఉన్నచోట పెద్దరికం గలది ముందు కూస్తుందని, తక్కినవి వరుస తప్పకుండా అనుసరిస్తాయని 2015లో వారే చూపారు. కనుక గూటిపై గోనెసంచి కప్పితే కూత ఆగుతుందన్న సలహా పూర్తిగా పనిచేయదు. మేము వారం రోజులు ప్రయత్నించి ఈ సంగతిని స్వయంగా తెలుసుకొన్నాము.

2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 10 గంటల నుంచి ఉదయం 6 వరకు 45 డెసిబెల్స్ పరిమితి. ఇల్లు ఇంటిని ఆనుకొని ఉన్న శ్రీనగర్ కాలనీ వంటి చోట మేడపై పుంజును ఉంచుకోవడం ఇరుగుపొరుగుల ఓర్పుపై ఆధారపడిన విషయమే. గాత్రం నమోదు చేసే గదివారి అభ్యంతరంలో అన్యాయమేమీ లేదు.

విస్తరణ సిబ్బందికి సూచనలు

మేడపై ఒక పాప నిరాశ చిన్న విషయంగా తోచవచ్చు. అదే పొరపాటు పల్లెలో జరిగితే ఒక కుటుంబ ఆదాయానికి సంబంధించినది. పెరటి కోళ్ల పథకాల్లో పిల్లలను తరచుగా లింగభేదం లేకుండానే పంచుతారు. పది పిల్లలు తీసుకొన్న మహిళ ఐదు పెట్టలు ఉంటాయని లెక్క వేసుకొంటుంది. సంభావ్యత ప్రకారం, పిల్లలన్నీ బ్రతికినా, పదింటిలో పెట్టలు మూడు లేక అంతకన్న తక్కువ ఉండే అవకాశం 17 శాతం. దాదాపు ఆరు కుటుంబాల్లో ఒకదానికి ఈ పరిస్థితి ఎదురవుతుంది. ఈ మాట ముందే చెప్పకపోతే ఆమె జాతిని నిందిస్తుంది, లేదా మనలను.

1. పిల్లలు ఏ జాతివి, లింగం వేరుచేసినవా కావా అనే సంగతి పంపిణీ రోజునే చెప్పాలి.

2. కుటుంబ అవసరాన్ని బట్టి జాతిని సూచించాలి. రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంచాలనాలయం రూపొందించిన వనరాజా మాంసానికీ గుడ్లకూ ఉపకరిస్తుంది. అందులో పుంజు నష్టం కాదు. గుడ్లే ప్రధానమనుకొనేవారికి గ్రామప్రియ అనువైనది.

3. రెక్క ఈక, నూగు రంగు సూత్రాలను జాతి, వయస్సు చెప్పకుండా బోధించరాదు. షరతు లేని సూత్రం సూత్రం కాదు.

4. పన్నెండవ వారంలో మెడ, నడుము ఈకలను బట్టి పుంజులను వేరుచేసి, అమ్మకానికో మేపుకో నిర్ణయించుకొనేలా మహిళా సంఘాలకు నేర్పాలి. అదనపు పుంజులను గుడ్ల దశ వరకు మేపడం మేత వృథా.

5. నగరవాసులు గుడ్ల కోసం కోడిని కోరితే, వీధిలో రంగు పిల్లను కొనవద్దని, లింగం తేలిన మూడు నెలల పెట్టను కొనమని చెప్పాలి.

6. మన శాస్త్రం కాని ప్రశ్న ఎదురైనప్పుడు, తెలిసినవారి పేరు చెప్పడమే సరైన విస్తరణ సేవ.

ముగింపు

బంగారి కూర కాలేదు. నా పూర్వ విద్యార్థి ఒకరి కుటుంబానికి నగరం వెలుపల తోట ఉన్నది. అక్కడ పెట్టలకు తోడుగా దానిని వదిలి వచ్చాము. పాపను కూడా వెంట తీసుకొని వెళ్లాను. దారిలో ఆమెకు రెక్క ఈకల సంగతి, రంగు గంపల సంగతి వివరించి, నేను చూడవలసిన రీతిలో చూడకుండానే చెప్పానని ఒప్పుకొన్నాను. ఆమె కొంతసేపు ఆలోచించి, "అయితే ఈసారి పెద్ద పెట్టనే కొందాం అంకుల్, ఈకలు గుండ్రంగా ఉన్నదాన్ని" అన్నది.

ఎనిమిదేళ్ల పిల్ల ఒక్క ప్రయాణంలో గ్రహించిన విషయమది. షరతులతో సహా చెప్పిన సలహా మనిషికి గుర్తుంటుంది, పనికి వస్తుంది. షరతులు వదిలి చెప్పిన సలహాను కోడి మూడు నెలల్లో కూసి బయటపెడుతుంది. పొలంలో అయితే అందుకు ఒక పంటకాలం పడుతుంది, ఆ నష్టం భరించేది రైతు.